నాలుగో తూము దీపం

దశమి

గుమాస్తాకి సెలవు అయిపోయింది. పొద్దున్నే మార్కండేయులు గారు కొబ్బరికాయ కొట్టి మెయిన్ స్విచ్ పైకి లేపారు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది, పంపులు ఒకసారి దగ్గి తిరగడం మొదలెట్టాయి. నిన్నంతా వంతులేసుకుని చేతిపంపులు కొట్టిన జనం అరచేతుల్లో బొబ్బలు చూసుకుంటూ ఇళ్లకి పోయారు.

ఈ చిట్టా రాసేది కస్తూరి, చుట్టుకట్ట పంపుహౌసులో పరీక్షల మనిషి. నాకు ముందు రాసినవాళ్లు తేదీలు వేసేవాళ్లు. నేను తిథులు వేస్తాను. ఊరి చుట్టూ కట్ట, కట్ట అవతల సముద్రం. అది మా ఇంటి చూరుల కన్నా ఎత్తున ఉంటుంది. దానికి తేదీలతో పనిలేదు.

కట్టలోంచి ఊరే నీళ్లని బయటికి తోడించేవాడే గుమాస్తా. మనిషి కాదు, గోడకి బిగించిన బూడిదరంగు ప్రాసెసర్ పెట్టె. ఆ నీళ్లు చేరే గుంటలో తేలే బెండ్లు ఎంత ఎత్తుకి లేచాయో చూస్తాడు, లోపల రాసి ఉన్న నిచ్చెన మెట్టు మెట్టుగా చదువుకుంటాడు, ఏ పంపు తిరగాలో ఏ తూము తెరవాలో చెప్తాడు, మళ్లీ మొదటికొస్తాడు. ఒక్కో మెట్టూ ఒక్కో ఆజ్ఞ. రెప్ప వేసేలోగా అదంతా అయిపోతుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే చాకిరీ కాబట్టి గుమాస్తా అన్నారు మా పెద్దలు.

అందుకే ఆయుధపూజకి ఒకరోజు వాణ్ణి ఆర్పేస్తాం. తుడిచి, పసుపు రాసి, బొట్టు పెడతాం. బొట్టు పెట్టేది కట్టపెద్ద, అంటే మార్కండేయులు గారు. పెట్టె మొహాన దీపాల వరుస చివర్న, నుదురులా అనిపించే చోట పావలా అంత కుంకుమ, నూనెలో తడిపి మరీ. మళ్లీ దసరా దాకా దాన్ని ఎవరూ చెరపరు.

పూజకి పాత కుటుంబాలవాళ్లే లోపలికి వస్తారు. నాతో పనిచేసే పైడిరాజు కొత్తవాడు, గుమ్మం బయటే ఉండిపోయాడు. నిన్న మధ్యాహ్నం తలుపు దగ్గర నిలబడి, "లోపల సప్పుడు నేదేటప్పా? గుమస్తా నడుస్తన్నాడా?" అని అడిగాడు. పూజ జరుగుతోంది, తర్వాత చెప్తానన్నాను. అయినా అతను వెళ్లలేదు. సాయంత్రం చూస్తే ఇంకా అక్కడే తచ్చాడుతున్నాడు. ఇతనికి అంత ఆరా ఎందుకో.

ఏకాదశి

పున్నానికి ముందు పరీక్ష. మోటార్ల ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటాను, కాబట్టి ఏదీ నిజంగా తిరగదు. ఆ తర్వాత గుంట గట్టు మీద కూర్చుని కొక్కెం కర్రతో ఒక్కో బెండునీ లేపుతాను. నీళ్లు పెరిగాయనుకుని గుమాస్తా ఏ దీపం వెలిగిస్తాడో చూస్తాను.

కింది బెండు లేపితే మొదటి పంపు దీపం. మధ్య బెండు లేపితే రెండో పంపు దీపం. పై బెండు లేపితే మూడో పంపు దీపం వెలగాలి, సైరన్ మోగాలి. పై బెండు లేపాను. సైరన్ మోగింది కానీ మూడో పంపు దీపం వెలగలేదు. నాలుగో తూము దీపం వెలిగింది.

కర్ర జారి గుంటలో పడింది.

నాలుగో తూము కుండపేటలోకి తెరుచుకుంటుంది. కుండలా లోతుగా ఉంటుందని ఆ పేరు. ఒకప్పుడు అది ఖాళీ పల్లం. పోటు ఎక్కువైతే ఆ తూము ఎత్తి నీళ్లన్నీ అందులోకి వదిలి ఊరిని కాపాడుకునేవాళ్లం. నిరుడు ఉత్తరాన గెడ్డపాలెం కట్ట తెగి ఆ ఊరి జనం పడవల్లో వచ్చారు. వస్తూ వస్తూ ఒక పంపు లాక్కొచ్చారు. పంపు తెచ్చారు కాబట్టే రానిచ్చాం, అందులో దాపరికం ఏమీ లేదు. వాళ్లకి కుండపేట ఇచ్చాం. వాళ్ల మెకానిక్ పైడిరాజు నా పక్కన చేరి నిచ్చెనకి కొత్త మెట్టు రాశాడు. పై బెండు లేస్తే వాళ్ల పంపు, అంటే మూడోది, తిరగాలి, నాలుగో తూము మాత్రం ఎప్పటికీ తెరుచుకోకూడదు. అప్పట్నుంచీ ఎన్ని పరీక్షలు చేసినా సరిగ్గానే ఉంది.

ఇవాళ ఫ్యూజులు నా జేబులో లేకపోయి ఉంటే కుండపేటలో వంటలు చేసుకుంటున్నవాళ్ల మీద తూము ఎత్తేవాడు గుమాస్తా. ఏడాదిలోకల్లా పెద్ద పోటు ఈ పున్నానిదే. పై బెండు లేవడం ఖాయం.

ద్వాదశి

ముందు సామాన్ని అనుమానించాలి, తర్వాతే మనుషుల్ని. అది నా పద్ధతి. అయితే నాకు అనుమానం పాలు ఎక్కువని మా ఆయన ఉన్నన్నాళ్లూ అనేవాడు. వంటింట్లో ఉప్పు డబ్బా జరిగితే ఎవరు జరిపారని ఇల్లంతా అడిగేదాన్నట.

బెండ్ల వైర్లు మీటరు పెట్టి చూశాను, బాగున్నాయి. వైర్లు వచ్చి చేరే కార్డు మార్చి చూశాను, మళ్లీ అదే దీపం. దీపాలు వెలిగించే కార్డు మార్చాను, మళ్లీ అదే. కరెంటు సరిపడా వస్తోంది. గుమాస్తా మొహం చూస్తే పచ్చ దీపం నిండుగా ఉంది, లోపం ఉంటే వెలిగే దీపం ఆరి ఉంది, నుదుట బొట్టు చెక్కుచెదరలేదు. బ్యాటరీ నీరసిస్తే ఎర్రదీపం వెలుగుతుందని పాతవాళ్లు చెప్పేవారు. నా హయాంలో అది వెలగ్గా నేను చూడలేదు, ఇవాళా చూడలేదు. అంటే ఒంట్లో ఏ రోగమూ లేదు. గుమాస్తా కావాలనే ఆ తూము తియ్యమంటున్నాడు. వాడి చేత అనిపించేది నిచ్చెన.

ల్యాప్‌టాప్ తగిలించి మెట్లన్నీ చదివాను. పైడిరాజు రాసిన మెట్టు లేదు. చెడలేదు, మారలేదు, అసలు అలాంటిది ఒకటి ఉండేదన్న జాడే లేదు. దాని చోట మా తాతల కాలం మెట్టు కాలుమీద కాలేసుకుని కూర్చుంది.

మెట్టు దానంతటది పోదు, ఎవరో తీశారు. తియ్యాలంటే రెండు కావాలి. గుమాస్తా తాళంచెవి తిప్పాలి, అది మార్కండేయులు గారి మొలతాడుకి ఉంటుంది. ల్యాప్‌టాప్ కావాలి, అది నా దగ్గరా పైడిరాజు దగ్గరా ఉంటుంది. పూజ రోజున తలుపు దగ్గర తచ్చాడింది ఎవరు? గుమాస్తా నడుస్తున్నాడా లేదా అని ఆరా తీసింది ఎవరు? ఇదంతా నేనే కట్ట కమిటీ ముందు చెప్పాను. చెప్తున్నప్పుడు నా గొంతులో వణుకు కూడా లేదు.

పైడిరాజుని పిలిపించారు. అతను కమిటీ వైపు చూడలేదు, నా వైపే చూశాడు.

"నా కూతురు తొంగునే గదిలోకి నానెందుకు నీళ్లొదుల్తానప్పా?"

అతన్ని పంపుహౌసులోకి అడుగు పెట్టొద్దన్నారు. ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి, నమస్కారం కూడా పెట్టకుండా వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక మార్కండేయులు గారు నన్ను ఆగమన్నారు. "గుమాస్తాని నమ్మలేనప్పుడు కుండపేటలో మనుషుల్ని ఉంచలేం అమ్మాయ్. చతుర్దశి సాయంత్రం లోపు తేల్చు. తేలకపోతే వాళ్లని పడవలెక్కించెయ్యడమే."

వాళ్ల పంపు సంగతేమిటని అడిగాను. పంపు ఇక్కడే ఉంటుందన్నారు, చాలా మామూలుగా.

ఆ మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. తాళంచెవి ఉన్నది ఈయన దగ్గర. నిరుడు వాళ్లని రానివ్వొద్దని పట్టుబట్టిందీ ఈయనే. మనుషులు పోయి పంపు మిగిలితే ఎవరికి లాభం? నేను అనుమానించాల్సిన మనిషిని వదిలేసి, అనుమానించడానికి సులువుగా దొరికిన మనిషిని పట్టుకున్నానేమో.

సాయంత్రం తాళంచెవి అడిగి తీసుకుని, మెట్టు నేనే మళ్లీ రాశాను. బెండు లేపి చూశాను, మూడో పంపు దీపం వెలిగింది. పెట్టె అద్దం తలుపు మూసి, అంచుల వెంట లక్క కరిగించి పోసి, దాని మీద నా ఉంగరం గుర్తు వేశాను. ల్యాప్‌టాప్‌లు రెండూ ఇంటికి తెచ్చుకుని బియ్యం డ్రమ్ములో దాచాను. తాళంచెవి తిరిగిచ్చేటప్పుడు లక్క సంగతి మార్కండేయులు గారికి చెప్పలేదు.

త్రయోదశి

పొద్దున సోలార్ పలకలు కడిగే పని, ఏటా దసరా వెళ్లాక ఒక్కసారే. కడిగినంతసేపూ కరెంటు ఉండదు. పలకల మీద పేరుకున్న ఉప్పు గీకుతున్నంతసేపూ నా చూపు పంపుహౌసు తలుపు మీదే ఉంది. కళ్లలో వత్తులేసుకుని చూశాను. పురుగు కూడా లోపలికి పోలేదు.

కరెంటు వచ్చాక వెళ్లి చూశాను. లక్క అలాగే ఉంది, ఉంగరం గుర్తు గీత చెదరకుండా ఉంది. ఫ్యూజులు పీకి బెండు లేపాను.

నాలుగో తూము దీపం.

తలుపు ఎవరూ తియ్యలేదు. తాళంచెవి ఎవరూ తిప్పలేదు, ల్యాప్‌టాప్‌లు బియ్యంలో ఉన్నాయి. పైడిరాజు కుండపేటలో ఉన్నాడు, మార్కండేయులు గారు పొద్దున్నుంచీ నా పక్కనే నిలబడి పలకల మీద నీళ్లు పోశారు. అనుమానించడానికి ఊళ్లో మనిషి మిగల్లేదు. ఇక మిగిలింది గుమాస్తా ఒక్కడే.

లక్క పగలగొట్టి తలుపు తీసి, వాడి మొహంలోకి మొహం పెట్టి చూశాను. ఏం చేశావురా అని నిజంగానే అడిగాను. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. పచ్చ దీపం వెలుగుతోంది. బొట్టు ఎర్రగా ఉంది. మరీ ఎర్రగా ఉంది. కుంకుమ ఎండితే నల్లబడుతుంది కదా, అంచుల్లో నల్లబడింది కూడా. మధ్యలో మాత్రం లోపల్నుంచి నిప్పు ఉన్నట్టుంది.

కొంగు తడిపి తుడిచాను. నూనె కుంకుమ, గట్టకట్టి మందంగా ఉంది. అదంతా పోయాక కింద చిన్న గాజు బొడిపె కనిపించింది. అది బ్యాటరీ దీపం. ఎర్రగా వెలుగుతోంది. ఎన్నేళ్ల నుంచి వెలుగుతోందో ఆ దేవుడికే తెలియాలి.

అంతా అప్పుడు అర్థమైంది. కరెంటు లేనప్పుడు గుమాస్తా జ్ఞాపకాన్ని నిలపాల్సిన బ్యాటరీ చచ్చి ఉంది. కరెంటు ఉన్నంతసేపూ గుమాస్తాకి అన్నీ గుర్తుంటాయి. కరెంటు పోతే తలలో ఉన్నదంతా చెరిగిపోతుంది. మళ్లీ లేచాక ఖాళీ తలతో ఉండలేడు కాబట్టి పక్కనున్న, కరెంటు పోయినా చెరగని చిప్పులోంచి పాత నిచ్చెన తెచ్చుకుంటాడు. అది మా తాతల నిచ్చెన, అందులో కుండపేట ఖాళీ పల్లమే. మేం ఏటా ఆర్పుతూనే ఉన్నాం, ఏటా వాడు మర్చిపోతూనే ఉన్నాడు. ఇన్నేళ్లూ నిచ్చెనలో ఎవరూ ఏదీ మార్చలేదు కాబట్టి వాడు మర్చిపోయిందీ తెచ్చుకున్నదీ ఒకటే. మార్చింది నిరుడు పండగా పలకల పనీ అయ్యాకే, మార్చాక ఆర్పింది మొన్నే.

పూజ రోజు తుడిచేటప్పుడు వాడు ఆరిపోయి ఉంటాడు, కాబట్టి దీపమూ ఆరి ఉంటుంది. మళ్లీ వెలిగించేసరికి బొట్టు పెట్టేసి ఉంటాం. ఇక ఎవరికి కనపడుతుంది?

మార్కండేయులు గారిని పిలిచి చూపించాను. బొట్టు చెరిపానని ముందు కోపం వచ్చింది ఆయనకి. కింద దీపం కనపడగానే దాన్ని వేలితో తడిమి చూశారు. చివరికి, "మా నాన్న పెట్టిన చోటే పెట్టానమ్మాయ్," అన్నారు. నిన్నటి నుంచీ ఆయన గురించి నా మనసులో తిరిగినవన్నీ గుర్తొచ్చి తలెత్తలేకపోయాను.

చతుర్దశి

తెల్లవారగానే కుండపేట దిగాను. ప్రతి గుమ్మం ముందూ మూటలు కట్టి ఉన్నాయి. గడువు సంగతి వాళ్లకి ముందే తెలిసిపోయినట్టుంది.

పైడిరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనలేదు. జరిగిందంతా నిలబడే చెప్పాను. నీ మీద చెప్పినదంతా తప్పు, క్షమించు తమ్ముడూ అన్నాను. నాకు సిగ్గుగా ఉందని కూడా అన్నాను, ఎందుకంటే నిజంగానే సిగ్గుగా ఉంది.

అతను క్షమాపణ సంగతి వదిలేసి వేరే మాట పట్టుకున్నాడు. "పూజకని గుమస్తాని ఆర్పీసినారా?"

ఏటా ఆర్పుతామన్నాను.

"మావూళ్లో ఏనాడూ ఆర్పనేదు. నడుస్తన్నోడికే దండేసీవోళ్లం. అందుకే సిప్పులోకి రాయాలన్న ఊసే మాకు రానేదు." పక్కనున్న మూట ముడి బిగించాడు. "సప్పుడు నేదేటని ఆ దినం గుమ్మం కాడ నానడిగింది దీనికే గదా, కస్తూరి గారూ."

అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేవాడు. గారూ అన్నాడు. నన్ను చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ రోజు తలుపు తీసి లోపలికి రమ్మని ఉంటే, ఆర్పి ఉన్న పెట్టెని చూసి ఉంటే, ఆర్పితే మెట్టు పోవచ్చని అప్పుడే చెప్పేవాడు. బయట నిలబెట్టింది మేం. బయట ఎందుకు నిలబడ్డాడని అనుమానించిందీ మేమే.

కాసేపటికి లేచి చొక్కా వేసుకున్నాడు. నాకోసం కాదని నాకు తెలుసు.

మెట్టు మళ్లీ రాసి, ఈసారి నిచ్చెన మొత్తాన్నీ చిప్పులోకి పంపాం. ల్యాప్‌టాప్‌లో ఆ ఆజ్ఞ ఎప్పుడూ ఉన్నదే. మేం ఎప్పుడూ ఏదీ మార్చలేదు కాబట్టి మాకు దాని అవసరం పడలేదు, వాళ్లు ఎప్పుడూ ఆర్పలేదు కాబట్టి వాళ్లకీ పడలేదు.

అయితే ఎక్కిందో లేదో తేలేది ఒక్క పరీక్షతోనే. గుమాస్తాని మళ్లీ ఆర్పాలి. మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేసి పైడిరాజు వైపు చూశాను. అతను మొహం తిప్పేసుకున్నాడు. నడుస్తున్నవాణ్ణి ఆర్పడం చూడలేకపోయాడు. దించాను. పంపుహౌసు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం అతనికి ఎలా వినిపిస్తుందో నాకు మొదటిసారి తెలిసింది. వాళ్ల ఊరు మునిగిన రోజు కూడా ముందు పంపుల చప్పుడే ఆగి ఉంటుంది.

ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని స్విచ్ లేపాను. పచ్చ దీపం వచ్చింది. కొక్కెం కర్ర అతని చేతికిచ్చాను. పై బెండు అతనే లేపాడు. మూడో పంపు దీపం వెలిగింది. నాలుగో తూము దీపం నల్లగా ఉంది. నమ్మకం చాలక ఇంకోసారి ఆర్పి లేపాం, ఆ తర్వాత మార్కండేయులు గారి కోసం మరోసారి.

మార్కండేయులు గారు పడవల మాట ఎత్తలేదు. కుంకుమ భరిణె పట్టుకుని గుమాస్తా ముందు ఎటూ తోచక నిలబడ్డారు. చివరికి ఎక్కడ పెట్టమంటావయ్యా అని పైడిరాజునే అడిగారు.

"ఎక్కడైనా ఎట్టుకోండి. దీపాలు ఒగ్గీండి," అన్నాడు అతను, చెయ్యి తుడుచుకుంటూ.

పౌర్ణమి

ఫ్యూజులన్నీ బిగించి ఉన్నాయో లేదో ఉదయాన్నే మరోసారి చూసుకున్నాను. పోటు వేళకి పంపుహౌసులో ఉండాల్సినదాన్ని, పైడిరాజుని అక్కడ ఉండమని నేను కుండపేటకి వెళ్లాను. నా పరీక్ష మీద నాకు నమ్మకం ఉంటే నేను ఉండాల్సిన చోటు అదే అనిపించింది. నమ్మకం పూర్తిగా ఉందని రాస్తే అబద్ధం రాసినట్టు. దారంతా నాలుగో తూము తలుపు వైపే చూసుకుంటూ నడిచాను.

పైడిరాజు భార్య నరసమ్మ నన్ను గుమ్మంలో చూసి లోపలికి రమ్మంది. ముక్కాలిపీట వేసి, టీ ఇచ్చింది. కూతురు మంచం మీద కూర్చుని కాళ్లూపుతోంది. మంచం పక్కన మూట, మూట మీద గిన్నెలు, గిన్నెల మీద మడతపెట్టిన వల.

కట్ట అవతల సముద్రం పొంగుతున్న హోరు వినపడింది. మొదటి పంపు తిరిగింది. రెండోది తిరిగింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నా టీ చల్లారిపోయింది. అప్పుడు సైరన్ మోగింది, పై బెండు లేచిందన్నమాట. నరసమ్మ వచ్చి కూతుర్ని ఎత్తుకుని నిలబడింది. నేనూ లేచాను. ఇద్దరం తూము వైపే చూస్తున్నాం.

మూడో పంపు అందుకుంది. అది వాళ్ల ఊరి పంపు, దాని చప్పుడు వేరు, కాస్త బొంగురుగా ఉంటుంది. ఆ చప్పుడు వినగానే కూతురు నిద్రమొహంతో తల్లి భుజం మీద వాలిపోయింది. నాలుగో తూము తలుపు కదల్లేదు. దాని కింది గాడి పొడిగా, దుమ్ముతో ఉంది. పోటు తగ్గేదాకా అలాగే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని నరసమ్మకి కనపడకుండా మొహం కడుక్కున్నాను. బయల్దేరేటప్పుడు, ఇక భయం లేదు, మూట విప్పుకోమ్మా అన్నాను.

ఆమె మూట వైపు చూసింది, నా వైపు చూసింది. కోపం లేదు ఆ మొహంలో.

"వొచ్చీ దసరా దాటాక సూద్దుం," అంది.

వచ్చే దసరా అంటే ఏడాది. ఏడాదంతా ఆ మూట మంచం పక్కనే ఉంటుంది, దాన్ని దాటుకుంటూ ఆ పిల్ల ఆడుకుంటుంది. కట్ట ఎక్కుతూ ఆలోచించాను. ఆమె స్థానంలో నేనున్నా విప్పను.